కాశీకి పోయిన తల్లి

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పెద్దలు చెప్పుచుండెడివారు. ఆ కాలమున నా మాటలో అతిశయోక్తి లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి, కాశీగయాది క్షేత్రములు సేవించి, మరల ఇల్లు చేరునప్పటికి 1831 వ సంవత్సరము సెప్టెంబరు నెల వచ్చినది. పదునైదు నెలలకు పైబడిన ప్రయాణము. అడవులు, నదులు, జ్వరములు దారి పొడుగునను కాచుకొని యుండెడివి. అందుచేత కాశికి పోవువాడు ఇంటిల్లిపాదికిని అప్పగింతలు చెప్పి మరి కదలెడివాడు. నేడు సికిందరాబాదులో దానాపురము రైలెక్కినవారు మఱునాటికి గంగ ఆవలి యొడ్డుననున్న మొగల్‌సరాయిలో దిగుచున్నారు. ఆ స్టేషనునకు 2018 లో దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షనని పేరు మార్చిరి. అక్కడనుండి 1887 నాటి పాత వంతెనమీదుగా నదిని దాటునప్పుడు, ధనుస్సువలె వంగిన తీరమును, దానిపై మెట్ల వరుసలును, గోపురములును ఒక్కసారిగా కంటబడును. ఆ దృశ్యమును చూచి చేతులు జోడింపనివారుండరు.

దారి యింత సులభమైనను ఆ పాత సామెత మన యిండ్లలో నింకొక రూపమున బ్రతికియున్నది. ఇంట నెవరైన గతించినప్పుడు పసిపిల్లలకును, పసిపిల్లలవంటి మనస్సు గలవారని మనము తలచు పెద్దలకును “మీ అమ్మ కాశీకి వెళ్ళింది” అని చెప్పుదుము. “ఊరికి వెళ్ళింది” అనియు, “నిద్రపోయింది” అనియు, “దేవుడు తీసికొనిపోయినాడు” అనియు చెప్పుదుము. ఈ మాటలు జాలినుండి పుట్టినవే. కాని యవి వినువారి మనస్సులో నేమి చేయునో కాశీలో నేను కన్నులార చూచితిని. సోదరీమణులారా, ఆ సంగతి మీతో చెప్పుటకే యీ యాత్రను వ్రాయుచున్నాను.

మా మరిదికి ముప్పదినాలుగేండ్లు. అతడు డౌన్ సిండ్రోమ్ అను జన్మసిద్ధమైన స్థితి కలవాడు. దేహకణములలో ఇరువదియొకటవ క్రోమోజోము రెండింటికి బదులు మూడుండుటచే నిది కలుగునని 1959 లో ఫ్రెంచి వైద్యులు వెల్లడించిరి. మా మరిది పూలు కట్టును; ఆవునకు కుడితి పెట్టును; వీధిలో నెవరి యింట నెవరున్నారో యన్నియు నెఱుగును. డబ్బు లెక్క తెలియదు. నిన్న, మొన్న, ఎల్లుండి యను మాటలు అతని మనస్సులో నొక్కొక్కప్పుడు కలిసిపోవును. వెనుక “మందబుద్ధి” యను మోటుమాట వాడెడివారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దీనిని మేధోవైకల్యమని పేర్కొనినది.

మా అత్తగారు గత మాఘమాసమున కాలము చేసిరి. మేముండునది పట్టణము, ఆమెయు చిన్నకుమారుడును ఉండునది పల్లె. మేము చేరునప్పటికే బంధువులలో నొక వృద్ధురాలు అతనిపై జాలిచేత ప్రక్కవీధి యింటికి పంపివేసి, “మీ అమ్మ కాశీకి వెళ్ళింది, వచ్చేస్తుందిలే” అని చెప్పియుండెను. దహనమునకు పిలువలేదు, పండ్రెండవ దినమువఱకు ఇంటికి రానీయలేదు. కర్మ ముగిసిన పిమ్మట అతనిని మా యింటికి తెచ్చుకొంటిమి. “అమ్మ చనిపోయింది నాయనా” అని నేను చెప్పితిని. అతని అన్నగారును చెప్పిరి. అతడు శాంతముగా విని, “కాదు వదినా, కాశీకి వెళ్ళింది. పెద్దమ్మ చెప్పింది” అనెడివాడు. ముందు నాటిన విత్తే ముందు వేరూనును. సాయంకాలమగుసరికి వాకిట కూర్చుండి, వీధిలో వచ్చు ప్రతి ఆటో చప్పుడునకును తలయెత్తి చూచెడివాడు.

అస్థికలలో కొంత భాగమును గంగలో కలుపవలెనని వైశాఖమున మేము కాశికి బయలుదేరితిమి. రైలులో తువాలు కొఱకు అతని సంచి తెఱచితిని. అందులో అత్తగారి కళ్ళజోడున్నది. “అమ్మ మరిచిపోయి వెళ్ళింది వదినా. అది లేకపోతే గుళ్ళో దేవుడు కనపడడు కదా!” అని అతడనెను. మేము తల్లిని గంగకు అప్పగించుటకు పోవుచున్నాము. అతడు తల్లిని తోడ్కొని వచ్చుటకు పోవుచున్నాడు. ఒకే పెట్టెలో, ఒకే బల్లపైన కూర్చుండి యిద్దఱము రెండు కాశీలకు ప్రయాణము చేయుచున్నాము.

కాశీలో పాండే హవేలీ ప్రాంతమున శ్రీరామతారక ఆంధ్రాశ్రమమున్నది. కేదారఘట్టము చుట్టుప్రక్కల వీథులలో తెలుగు, తమిళము వినబడుచునే యుండును. మఱునాటి వేకువను గంగాస్నానమునకు పోయితిమి. మెట్లపైన తెలుగుదేశపు వృద్ధస్త్రీలు గుంపులుగా స్నానము చేయుచుండిరి. మా మరిది ఒక్కొక్కరి ముఖములోనికి వంగి చూచుచు సాగిపోయెను. తెల్లని జుట్టు ముడివేసికొన్న యొకామెను వెనుకనుండి చూచి “అమ్మా!” అని పిలిచెను. ఆమె వెనుదిరిగెను. అతడు తల వంచుకొని వచ్చి నా ప్రక్కన కూర్చుండెను. జాలితో చెప్పిన యొక యబద్ధము ముప్పదినాలుగేండ్ల మనుష్యునిచే ఎనుబదినాలుగు ఘట్టముల మెట్లెక్కించునని అప్పుడు నాకు తెలిసినది.

కాశీలో మృత్యువును ఎవరును దాచరు. ఇరుకు సందులలో, పాల దుకాణమునకును గాజుల దుకాణమునకును నడుమ, రంగువస్త్రము కప్పిన వెదురుపాడె రామనామముతో సాగిపోవును. జనులు ప్రక్కకు తొలగి మరల తమ పని తాము చూచుకొందురు. మణికర్ణికలోను హరిశ్చంద్రఘట్టములోను చితులు పగలును రాత్రియు వెలుగుచుండును. డోములను వంశమువారు నిప్పును కాపాడి యిత్తురు. హరిశ్చంద్రఘట్టమున కట్టెలు లేని దహనశాలయు నున్నది. మన యూళ్ళలో శ్మశానము ఊరికి దూరము. అక్కడికి స్త్రీలు పోరు, పిల్లలను పోనీయరు. ఇక్కడనో ఊరే శ్మశానము చుట్టును కట్టబడియున్నది. కావున నేను నోటితో చెప్పలేకపోయిన దానిని ఈ క్షేత్రము చెప్పునని తోచినది.

కేదారఘట్టమునకు దక్షిణముగా కొలది దూరముననే హరిశ్చంద్రఘట్టము. అతనిని ఉన్నపాటున అక్కడ నిలువబెట్టలేదు. ముందుగా, “అక్కడ చనిపోయినవారిని కాలుస్తారు. పొగ ఉంటుంది. కొందరు ఏడుస్తూ ఉంటారు. చూస్తావా? వద్దంటే వెనక్కు వచ్చేద్దాం” అని యడిగితిని. “చూస్తాను” అనెను. దూరముగా మెట్లపై ముగ్గురమును కూర్చుంటిమి. చాలసేపు మాటలాడలేదు.

“వేడి కాదా వదినా?” అని మొదట నడిగెను.

“కాదు. ఆయన చనిపోయాడు. చనిపోతే ఒళ్ళు పని చెయ్యదు. ఊపిరి ఉండదు, గుండె కొట్టుకోదు. నొప్పి తెలియదు, వేడి తెలియదు, ఆకలి వెయ్యదు.”

“మళ్ళీ లేస్తాడా?”

“లేవడు.”

కొంతసేపటికి, “అమ్మను ఇలాగే చేశారా?” అనెను. “అవును” అంటిని. “ఎవరు?” అనెను. “మీ అన్నయ్య” అని చెప్పితిని. అతడు అన్నవైపు తిరిగి, “నన్నెందుకు పిలవలేదు?” అని యడిగెను. ఆ కంఠములో నంతటి కోపమును నేనెన్నడును వినియుండలేదు. ఆయనకు నోట మాట రాలేదు. వ్యాకరణము చెప్పు పండితుడు, సభలలో శంకలు తీర్చువాడు, తమ్ముని యా మూడుమాటలకు బదులు చెప్పలేకపోయెను. అతని ప్రశ్న న్యాయమైనది. తల్లికి అతడును కుమారుడే. బుద్ధి కొంచెమైనంత మాత్రమున దుఃఖము కొంచెము కాదు. కడచూపు హక్కును కొంచెము కాదు.

ఆ మధ్యాహ్నమే పడవలో గంగ నడుమకు పోయితిమి. అన్నదమ్ములిద్దఱును ఒకే మట్టిపాత్రను పట్టుకొనిరి. “ఇవి అమ్మ ఎముకలు” అని అన్నగారు చెప్పిరి; దాచలేదు. తమ్ముడు పాత్రలోనికి చూచెను, వ్రేలితో తాకెను, పిమ్మట ఏడ్చెను. మాఘమాసమునుండి అతడు కంటతడి పెట్టుట అదియే మొదటిసారి. పడవవాడు తెడ్డు ఆపి ఊరకుండెను. ఏడ్పు తీరిన తరువాత ఇద్దఱును కలిసి నీటిలో వదలిరి.

పడవ ఉత్తరముగా మణికర్ణికవఱకు సాగినది. కట్టెలు కొండలవలె పేర్చబడియున్నవి; మేకలు రాలిన పూలదండలను మేయుచున్నవి; మీద మేడపై పిల్లలు గాలిపటము లెగురవేయుచున్నారు. “ఇక్కడ టీ అమ్ముతున్నారు!” అని మా మరిది ఆశ్చర్యపడెను. చావు జరిగిన చోట ఆకలి, ఆట, వ్యాపారము నిలిచిపోవని అతడు తెలిసికొన్న పాఠమది. ఏ పుస్తకమును దానినంత తేలికగా చెప్పజాలదు.

ఆ రాత్రి నిద్రపోవుటకు ముందు అతడు లేచి కూర్చుండి, “లోహితుడు లేచాడు కదా వదినా!” అనెను. మా పల్లెలో హరిశ్చంద్ర నాటకమును అతడు ఎన్నియోసారులు చూచినాడు. అందులో పాము కఱచి చనిపోయిన లోహితాస్యుడు చివరకు లేచి తల్లిదండ్రులను చేరును. పగలు హరిశ్చంద్రుని పేరిటి ఘట్టమును చూచి యతడు చేసిన యూహ యిది. ఎంత సక్రమమైన తర్కము! “అది నాటకం నాయనా. ఆ వేషం వేసిన పిల్లవాడు నిజంగా చనిపోలేదు. నాటకమయ్యాక ఇంటికి పోయి అన్నం తిన్నాడు. అమ్మ నిజంగా చనిపోయింది. నిజంగా చనిపోయినవాళ్ళు లేవరు” అని చెప్పితిని. “నిజంగా” అని యతడు రెండుసారులు మెల్లగా అనుకొనెను. “అయితే కళ్ళజోడు?” అనెను. “అమ్మ గుర్తుగా నువ్వే దాచుకో” అంటిని.

మఱునాడు సారనాథమునకు పోయితిమి. అది కాశికి పదికిలోమీటర్ల దూరమున నున్నది. బుద్ధుడు తొలిసారి ధర్మమును బోధించిన చోటు. ధమేకస్తూపము నీడలో కూర్చుండి కిసాగోతమి కథ చెప్పితిని. శ్రావస్తిలో నొక తల్లి చనిపోయిన బిడ్డను చంకనెత్తుకొని మందిమ్మని తిరుగుచుండగా, చావెఱుగని యింటనుండి ఆవాలు తెమ్మని బుద్ధుడు పంపినాడు. ఆవాలు ప్రతి యింటను ఉన్నవి. చావెఱుగని యిల్లే లేదు. ఉపన్యాసముతో తెలియనిది ఇల్లిల్లు తిరుగగా ఆమెకు తెలిసినది. కథ విని మా మరిది మా వీథిలోని యిండ్లను వ్రేళ్ళపై లెక్కపెట్టసాగెను: గుడి యెదుటి తాతగారు, పాలు పోయునామె భర్త, దర్జీ వాని చెల్లెలు. వీథి చివఱవఱకు వచ్చి, “అందరిళ్ళలోనూ!” అనెను.

ఈ నాలుగు సంగతులను విద్వాంసులు వేర్వేరుగా లెక్కించియున్నారు. చనిపోయిన దేహము పనిచేయుట మానును. చనిపోయినవారు తిరిగి రారు. పుట్టిన ప్రతివాడును చనిపోవును. చావునకు రోగమో, వార్ధకమో, ప్రమాదమో కారణముండును. మేధోవైకల్యము గలవారు వీనిలో నొకటి తెలిసి మఱియొకటి తెలియకయుండవచ్చును. నాలుగవదియు ముఖ్యమే. “నేను మాట వినలేదని అమ్మ పోయిందా?” అని లోలోపల కుములువారుందురు. అమ్మ గుండెజబ్బుతో చనిపోయినదనియు, అది యెవరి తప్పును కాదనియు విడమఱచి చెప్పవలెను.

ఇంగ్లాండులో శీలా హాలిన్స్ అను మానసిక వైద్యురాలు, తానును మేధోవైకల్యము గల కుమారుని తల్లియై, 1989 లో తండ్రి మరణమును గూర్చియు తల్లి మరణమును గూర్చియు బొమ్మలతోనే కథ నడచు పుస్తకములు వెలువరించెను. చదువరాని పెద్దలు బొమ్మలు చూచి తమ దుఃఖమును తామే చెప్పుకొనుటకు అవి సాధనములు. ఐరీన్ టఫ్రీ వైన్ అను పరిశోధకురాలు కాన్సరుతో నున్న పదుముగ్గురు మేధోవికలుల జీవితములను గూర్చి 2010 లో నొక గ్రంథము ప్రకటించెను. వారిలో పలువురకు తమ రోగమును గూర్చి సరిగా చెప్పినవారే లేరు. చెడువార్తను ఒకేసారి కుమ్మరింపక, వారికి ముందే తెలిసిన దానికి ఒక్కొక్క చిన్న ముక్కను చేర్చుచు పోవలెనని ఆమె బోధించును.

ఈ తుదిమాట మనకు మిక్కిలి అక్కఱకు వచ్చును. కాశీలో ముక్తిభవనమని యొక గృహమున్నది. 1958 నుండి మరణమాసన్నమైనవారు కుటుంబముతో వచ్చి అక్కడ కడదినములు గడుపుచున్నారు. తామెందుకు వచ్చిరో వచ్చినవారికి తెలియును. మన యిండ్లలో మేధోవైకల్యము గల యొక పెద్దమనిషికి ప్రాణాంతకమైన జబ్బు చేసినచో, వైద్యుడు మనతో గుసగుసలాడును. మనము మొగము తుడుచుకొని లోపలికి పోయి “ఏమీ లేదు” అందుము. తన దేహమున నేమి జరుగుచున్నదో అతనికి తెలియును. మాట మాత్రము తెలియదు. చెప్పునప్పుడు నేడు జరుగబోవు దానినే చెప్పవలెను: ఈ జబ్బు తగ్గదు, నొప్పికి మందిత్తురు, నేను నీ దగ్గఱనే యుందును. అడిగినంతవఱకు చెప్పవలెను, అడిగినది దాచరాదు. కఠోపనిషత్తులో నచికేతుడు మరణరహస్యమడిగినప్పుడు యముడు సయితము ముందు తప్పించుకొనజూచి వరములాశపెట్టెను. బాలుడు విడువలేదు; యముడు చెప్పక తప్పలేదు. అడుగువాడు చిన్నవాడని ఉపనిషత్తు ఆ ప్రశ్నను త్రోసివేయలేదు.

ఈ విషయము వెనుకటికంటె నేడు ఎక్కువ యింటివారికి సంబంధించినది. పూర్వము డౌన్ సిండ్రోమ్ గల బిడ్డలలో పలువురు తల్లిదండ్రుల కన్నులముందే పోయెడివారు. ధనికదేశములలో 1983 ప్రాంతమున వారి సగటు ఆయుష్షు ఇరువదియైదేండ్లు. ఇప్పుడు అఱువది దరిదాపులలో నున్నది. గుండెకు శస్త్రచికిత్సలు మెఱుగుపడుటయు, బిడ్డలను సంస్థలలో విడువక ఇండ్లలో పెంచుటయు ఇందుకు ముఖ్యకారణములు. సంతోషింపదగిన మాటయే. కాని దాని యర్థమేమనగా, ఆ బిడ్డలు తల్లిని పోగొట్టుకొని బ్రతుకవలసియున్నది.

కాశినుండి వచ్చిన తరువాత మా మరిది వాకిట కూర్చుండుట మానెను. అయినను అప్పుడప్పుడు “అమ్మ రాదుగా?” అని యడుగును. అర్థముకాక యడుగుట కాదు. అర్థమైన దానిని మరల తడవి చూచుకొనుట. ప్రతిసారియు అదే మాటతో బదులు చెప్పుదును: “రాదు నాయనా. చనిపోయింది.” ఒకనాడు మఱియొక ప్రశ్న వేసెను: “నువ్వూ అన్నయ్యా చనిపోతే నాకు అన్నం ఎవరు పెడతారు?” మరణమును గూర్చిన ప్రశ్నలన్నిటి యడుగునను ఉండునది యిదియే. దీనికి వేదాంతముతో బదులు చెప్పరాదు. ఏర్పాటుతో బదులు చెప్పవలెను. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ననుసరించి పదునెనిమిదేండ్లు దాటిన మేధోవికలులకు చట్టబద్ధమైన సంరక్షకుని నియమించుటకు జిల్లా కలెక్టరు ఆధ్వర్యమున స్థానిక సంఘముండును. తల్లిదండ్రులును బంధువులును దరఖాస్తు చేసికొనవచ్చును. మేము మా యాడుబిడ్డతోను ఆమె కుమారునితోను మాటలాడి, ఆ మాట అతని యెదుటనే యనుకొని, “అప్పుడు నువ్వు అక్కయ్య ఇంట్లో ఉంటావు. ఈ మంచమూ, ఈ కంచమూ అక్కడికి వస్తాయి” అని చెప్పితిమి. ఆ రాత్రి హాయిగా నిద్రించెను.

సోదరీమణులారా, మన భాషలో చావునకు సొంపైన మాటలు చాల గలవు: పరమపదించుట, కాలము చేయుట, స్వర్గస్థులగుట. శుభలేఖలలో పెద్దల పేళ్ళకు ముందును, సంతాపసభలలోను అవి యుండనిండు. మాటను మాటగానే గ్రహించువానికి మాత్రము “చనిపోయింది” అను నొక్క మాట చాలును. “నిద్రపోయింది” అన్నచో అతడు రాత్రి కన్ను మూయుటకు భయపడును. “దేవుడు తీసికొనిపోయినాడు” అన్నచో గుడికి రానని మొఱాయించును. “ఊరికి వెళ్ళింది” అన్నచో తిరిగి రాని తల్లి తన్ను మఱచినదని తలచును. ఇంట చావు కలిగినప్పుడు అతనిని ప్రక్కింటికి పంపక, చేయి పట్టుకొని కూర్చుండు నొకరిని నియమించి, అతడు కోరినచో ముఖము చూడనిండు, పూలు వేయనిండు, తోబుట్టువులతోపాటు ఏడ్వనిండు. ఏడ్చువారిని చూచి అతడు బెదరునని మీరు జంకవచ్చును. ఏడ్పుకంటె ఎక్కువగా భయపెట్టునది, తలుపు మూసి అందఱును గుసగుసలాడుట.

కాశికి పోయినవారు ఈ కాలమున తిరిగి వచ్చుచున్నారు. కనుక కాటికి పోయినవారిని గూర్చి ఆ మాట యిక చెప్పకుందము.